ఊపిరి తీసే యజమాని

రాష్ట్ర ముగ్గురాయి సంస్థలో పారదర్శకత విభాగం పెట్టినప్పుడు దానికి కిటికీ లేని గది దొరికింది. అంతకుముందు అది పాత ఫ్యాన్లు, విరిగిన కుర్చీలు పడేసే గది. తలుపు తీస్తే తప్ప లోపలికి వెలుతురు రాదు. తలుపు తీస్తే ఆ దారిన పోయేవాళ్ళు లోపలికి తొంగిచూస్తారు కాబట్టి, పారదర్శకతకు సంబంధించిన పనులు రహస్యంగా జరగాలి కాబట్టి, తలుపు ఎప్పుడూ మూసే ఉంచాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ గదికి అధికారిగా మద్దిలేటిని వేశారు.

మద్దిలేటి ఉద్యోగంలో చేరిన నాటినుంచీ స్టోర్సులోనే ఉన్నాడు. బోల్టులు, గొలుసులు, డ్రిల్లు బిట్లు వచ్చినవి వచ్చినట్టు, పోయినవి పోయినట్టు చూసుకునేవాడు. అతనికి అబద్ధం చెప్పడం చేతకాదు. నిజం చెప్పే ధైర్యమూ లేదు. అటువంటి మనిషి సంస్థల్లో చాలాకాలం చెక్కుచెదరకుండా నిలుస్తాడు.

ఇంతకీ ఈ పారదర్శకత ఎందుకొచ్చిందంటే, ముగ్గురాయి వల్ల. రాళ్ళమడుగు అనే ఊళ్ళో ఆడవాళ్ళు వాకిట్లో ముగ్గు పెట్టుకునే రాయే అది. కానీ సముద్రాల అవతల చమురు బావులు తవ్వేవాళ్ళకు దాని పొడి ప్రాణం. బావి అడుగునుంచి చమురు, గ్యాసు ఒక్కసారిగా ఎగదన్నకుండా ఈ బరువైన పొడిని బురదలో కలిపి లోపలికి పోస్తారట. అందుకని రాళ్ళమడుగు గని రాయి ఓడలెక్కి దేశదేశాలకు పోతుంది. గని సంస్థది. తవ్వుకునే కౌలు మాత్రం వజ్రగిరి మినరల్స్ అనే కంపెనీది.

రాయి కొనే విదేశీయులు కొత్తగా ఒక ప్రమాణం పెట్టుకున్నారు. ఏ గని రాయి కొన్నా ఆ గనిని తవ్వుకుంటున్న అసలు యజమాని ఎవరో లోకానికి తెలియాలి. కంపెనీ పేరు చెబితే చెల్లదు. ఆ కంపెనీకి ఇంకో కంపెనీ, దానికి మరో కంపెనీ యజమాని అన్నా చెల్లదు. తీగ పట్టుకుని పోతే చివరకు రక్తమాంసాలతో ఊపిరి తీసే మనిషి కనబడాలి. ఆ మనిషిని అంతిమ లబ్ధిదారు అంటారు. లబ్ధిదారు తేలని గని రాయి రేవులోనే ఆగిపోతుంది.

మేనేజింగ్ డైరెక్టర్ సత్యవరప్రసాద్ గారు సమావేశం పెట్టారు. ఆయన మామూలు తెలుగు మాట్లాడటం ఇంట్లోవాళ్ళు కూడా విని ఎరుగరు.

"పారదర్శకత ఈ సంస్థ యొక్క ఊపిరి. కావున సదరు అంతిమ లబ్ధిదారును యుద్ధప్రాతిపదికన గుర్తించి, బహిరంగపరచి, తద్వారా ఎగుమతులకు అంతరాయం వాటిల్లకుండా తగు చర్యలు చేపట్టవలసి ఉన్నది. అయితే అన్వేషణ అనేది ఇబ్బందికరమైన ఫలితాలకు తావివ్వని రీతిలో సాగవలెను."

గని ఎవరిదో ఆ సమావేశంలో కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. టీ కప్పులు సర్దుతున్న అటెండరుకూ తెలుసు. జిల్లాలో ఆయన్ని పెద్దాయన అంటారు. ఎన్నికల్లో నిలబడేవాళ్ళు ముందు ఆయన వరండాలో నిలబడతారు. ఆయన పేరు పలకడం మర్యాద కాదని కొందరు, క్షేమం కాదని కొందరు మానుకున్నారు. ఆయనకు పెద్ద చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉందని మాత్రం అందరూ పైకి చెప్పుకుంటారు.

"అర్థమైందా మద్దిలేటీ?" అన్నారు సత్యవరప్రసాద్ గారు.

"అర్థమైంది సార్," అన్నాడు మద్దిలేటి. అర్థమైనందుకే ఇంకేమీ అడగలేదు.

వజ్రగిరి ఆఫీసు టౌనులో ఒక బట్టల షాపు మీద ఉంది. మెట్లెక్కి చూస్తే ఒకే తలుపు మీద నాలుగు బోర్డులు. లోపల ఒక పొడుగు బల్ల, దాని వెనక బట్టతల గుమాస్తా.

"వజ్రగిరికి యజమాని ఎవరండీ?" అని అడిగాడు మద్దిలేటి.

"హరితశ్రీ హోల్డింగ్స్ వాళ్ళు."

"వాళ్ళ ఆఫీసు ఎక్కడ?"

గుమాస్తా కుర్చీని రెండడుగులు పక్కకు జరుపుకున్నాడు. "ఇక్కడే సార్. చెప్పండి, ఏం కావాల?"

"హరితశ్రీకి యజమాని?"

"అమృతధార వెంచర్స్." అడగకముందే అతను మళ్ళీ జరిగి కూర్చున్నాడు. "అమృతధారకు అన్నపూర్ణ ఎంటర్ ప్రైజెస్." బల్ల ఆ కొసకు చేరాడు. ఇక జరగడానికి చోటు లేదు. అన్నపూర్ణకు వాటాదారులు ఇద్దరు. ఒకాయన చనిపోయాడు. రెండో మనిషి రాళ్ళమడుగు వాస్తవ్యురాలు గురమ్మ.

గుమాస్తా చూపిన కాగితంలో ఆ పేరును మద్దిలేటి మళ్ళీ చదివాడు. గురమ్మ అతనికి తెలుసు. గని గెస్టుహౌసులో వంట చేసేది ఆమే. స్టోర్సు పని మీద గనికి పోయినప్పుడల్లా ఆమె చేతి సంగటి, ఊరిబిండి పచ్చడి తిని వచ్చేవాడు. ఎప్పుడో గ్యాసు కనెక్షను ఇప్పిస్తామని గని మేనేజరు దశరథం ఆమె చేత సంతకాలు పెట్టించుకున్నాడని తర్వాత తెలిసింది. గ్యాసు కనెక్షను మాత్రం రాలేదు. ఇంట్లో ఇప్పటికీ కట్టెల పొయ్యే.

మద్దిలేటి ఈ సంగతి భయం భయంగా సత్యవరప్రసాద్ గారికి విన్నవించాడు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఊపిరి తీస్తుందా?"

"తీస్తుంది సార్. కొంచెం ఆయాసం ఉంది."

"ఆయాసం ప్రమాణానికి విరుద్ధమా?"

"అలా ఎక్కడా రాయలేదు సార్."

"ప్రకటించండి!"

ప్రకటించారు. ప్రమాణం ప్రకారం యజమాని ముఖం గని దగ్గర అందరికీ కనబడాలి కాబట్టి గేటు పక్కన పెద్ద బోర్డు లేపారు. దశరథం ఒకరోజు వంటింట్లోకి వచ్చి, తిరగమోత పెడుతున్న గురమ్మను పిలిచి ఫోటో తీసుకుపోయాడు. పొగకు ఆమె కళ్ళు సగం మూసుకుని ఉన్నాయి. బోర్డు మీద అది యజమాని గాంభీర్యంలాగా కనబడింది. కింద "ఈ గని అంతిమ లబ్ధిదారు శ్రీమతి గురమ్మ గారు" అని రాశారు.

వారం తిరక్కముందే గురమ్మ బస్సెక్కి టౌనుకు వచ్చింది. దారి అడుగుతూ అడుగుతూ కిటికీ లేని గది చేరి, తలుపు నెట్టి నిలబడింది. చేతిలో సంచీ, మొహంలో ఆయాసం, దానికి పైన కోపం.

"సారూ, ఆ బోర్డు పీకేపియ్యండి. ఊర్లో తలెత్తుకోలేకుండా ఉండా."

మద్దిలేటి లేచి కుర్చీ వేశాడు. ఆమె కూర్చోలేదు.

"కొళాయి కాడికి పోతే లింగమ్మ నా బిందె పక్కకు నూకె. నీ గని పేలి నా గోడ చీలింది, దానికి మాట జెప్పి నీళ్ళు పట్టుకో అనె. ఆయమ్మ గోడే గాదు సారూ, నా గోడా చీలింది. నా గనే నా గోడ చీల్చుకున్నట్టు గదా! ఇంగ బడి అయివారు. మధ్యాన్నం పిల్లోల్లు కంచాలు ముందర పెట్టుకుని కూసునే యాళకే మీ గనోల్లు రాయి పగిలేదానికి తూటాలు పేలుచ్చారు, అన్నంలో దుమ్ము, నువ్వన్నా జెప్పమ్మా అని నాకు దండం పెట్టె. అంత సదువుకున్న మనిషి నాకు దండం పెడితే నాకు సచ్చిపోదామనిపిచ్చె."

"అక్కా, బోర్డు తీయడానికి లేదు," అన్నాడు మద్దిలేటి నసుగుతూ. "ఒకసారి ప్రకటించాక వెనక్కి తీసుకోవడానికి నిబంధన లేదు. కాగితం ప్రకారం గని నీదే."

గురమ్మ అతని వైపు నిదానంగా చూసింది. "నాదయితే నేను జెప్పినట్టు ఇంటారా?"

మద్దిలేటి అబద్ధం చెప్పడం చేతకాని మనిషి కనుక, "తెలీదక్కా. చూసి చెబుతా," అన్నాడు.

చూడకముందే జవాబు వచ్చి పడింది. విదేశీయుల తరఫున ధ్రువీకరణ సంస్థ వాళ్ళు తనిఖీకి వస్తున్నారు. యజమాని అంటే పేరుకు ఉంటే చాలదట. ఆ మనిషికి గని మీద నియంత్రణ ఉందనడానికి నిదర్శనం కావాలట. అంటే యజమాని కనీసం ఒక ఆదేశమైనా ఇచ్చి ఉండాలి, అది అమలై ఉండాలి.

సత్యవరప్రసాద్ గారు స్వయంగా కారులో రాళ్ళమడుగు వచ్చారు. గెస్టుహౌసు వంటింటి గడపలో, ఉల్లిపాయల బుట్ట పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఒకపక్క దశరథం, ఇంకోపక్క మద్దిలేటి.

"అమ్మా గురమ్మ గారూ, సంస్థ విశాల ప్రయోజనాల దృష్ట్యా తాము ఒక ఆదేశం జారీ చేయవలసిందిగా సవినయంగా కోరడమైనది."

గురమ్మ మద్దిలేటి వైపు చూసింది. "ఏమంటాండాడు సారూ ఈయప్ప?"

"గని వాళ్ళకు నువ్వొక పని చెప్పాలంటున్నారక్కా. చెబితే చేస్తారు."

"ఉదాహరణకు," అన్నారు సత్యవరప్రసాద్ గారు, "గేటుకు పచ్చరంగు వేయించవలెనని ఆదేశించవచ్చును. పచ్చరంగు పర్యావరణ హితమైనది కూడా."

గురమ్మ పొయ్యిమీది కూర దించింది. చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. ఆ తుడుచుకోవడం కొంచెం ఎక్కువసేపు సాగింది.

"మధ్యాన్నం బడి పిల్లోల్లు అన్నం తినేటప్పుడు తూటాలు పేల్చొద్దు," అంది.

దశరథం ఎగిరి లేచాడు. "అదెట్ల కుదురుతాది? మధ్యాన్నం పేలిచ్చేనే సాయంత్రానికి లారీలు నిండేది!"

"అయితే గేటుకు పచ్చరంగు గూడా మీ ఇష్టమొచ్చినప్పుడే ఏసుకోండి. నేను ఆదేశం ఇయ్యను."

దశరథం బయటికి పోయి ఫోనులో పెద్దాయనతో మాట్లాడి వచ్చాడు. పెద్దాయన నవ్వాడట. తనిఖీ వాళ్ళు పోయేదాకా పేల్చకండి, ఆ తర్వాత మన పని మనం చేసుకుందాం అన్నాడట. ఆ విధంగా రాళ్ళమడుగు బడిలో పిల్లలు మధ్యాహ్నం దుమ్ము లేని అన్నం తిన్నారు. ఆ పక్కన సత్యవరప్రసాద్ గారు నిలబడి ఫోటో దిగారు.

తనిఖీకి వచ్చినావిడ నళినీ దేశికన్. మద్రాసు మనిషి. తెలుగు పుస్తకాలు చదివి నేర్చుకుంది. వంటింట్లో పీట మీద కూర్చుని ఎంతో మర్యాదగా ప్రశ్నలు వేసింది.

"తమరు ఈ గని కార్యకలాపాలలో పాలుపంచుకొనుచున్నారా?"

"వంట నేనే జేచ్చా తల్లీ."

'కార్యనిర్వహణలో ప్రత్యక్ష భాగస్వామ్యం' అని రాసుకుంది నళిని. "గని వలన తమరికి కలుగు లబ్ధి ఏమి?"

"మిగిలిన కూర ఇంటికి తీసకపోతా."

'వస్తురూపంలో లబ్ధి కలదు.' నళిని తృప్తిగా తల ఊపింది. "తమరి ఆదేశం ఇకముందును అమలులో నుండునా?"

సత్యవరప్రసాద్ గారు గురమ్మ కన్నా ముందు, "నిస్సందేహంగా," అన్నారు.

"మంచిది. ఒకవేళ ఎప్పుడైనను ఆ ఆదేశమును రద్దు చేసినచో, రద్దు చేసినవారి పేరును, వారికి గల అధికారమును ప్రకటింపవలయును. ఏలన రద్దు చేయగలవారే అసలు యజమాని కదా!" అని, మెచ్చుకోలుగా సంగటి రుచి చూసి, నళిని వెళ్ళిపోయింది.

ఆమె కారు ఊరు దాటిన మర్నాడు దశరథం మళ్ళీ మధ్యాహ్నం, తూటాలు పేల్చే ముందు హెచ్చరికగా వేసే ఈల వేయించబోయాడు. పారదర్శకత అధికారిగా మద్దిలేటి అక్కడికి పోవలసి వచ్చింది. అతనికి గొడవలంటే భయం. కానీ రిజిస్టరులో ఖాళీగా వదిలిన గడి అంటే అంతకన్నా భయం. స్టోర్సులో ఒక్క బోల్టుకు కూడా పుచ్చుకున్నవాడి పేరు లేకుండా వదిలిన మనిషి కాదు.

"దశరథం గారూ, పేల్చుకోండి. కానీ ఆదేశాన్ని రద్దు చేసిందెవరో పేరు రాయాలి."

"నా పేరు రాసుకో."

"మీకున్న అధికారం ఏమిటని రాయను?"

"నేను మేనేజరును."

"మేనేజరు యజమాని మాట రద్దు చేయలేడు కదండీ. యజమానికి పైన ఎవరో ఉంటేనే..."

దశరథం కలం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. రాయవలసిన పేరు అతని నాలుక చివర ఉంది. ఆ పేరు రాసి, ఆ తర్వాత ఈ జిల్లాలో కాపురం చేయడం ఎలాగో అతనికి తెలియలేదు. కలం మూసి జేబులో పెట్టుకున్నాడు. ఈల మోగలేదు.

బడి అయివారు ఈసారి గురమ్మ ఇంటికే వచ్చి దండం పెట్టాడు. లింగమ్మ కొళాయి దగ్గర పక్కకు జరిగింది. గురమ్మకు ఆ పూట ఏదో అర్థమైంది.

ఆ తర్వాత ఆమె రెండో ఆదేశం ఇచ్చింది. గని గుంతలో ఊరే నీళ్ళను పంపు పెట్టి తోడి ఇన్నాళ్ళూ పెద్దాయన చీనీ తోటకు పంపేవాళ్ళు. వాటిని ఊరి చేలకు వదలమంది. మూడోది, పగుళ్ళు వచ్చిన ప్రతి గోడకూ గని ఖర్చుతో సిమెంటు పూయాలి. ప్రతిసారీ దశరథం గింజుకున్నాడు. ప్రతిసారీ మద్దిలేటి, "పేరు రాస్తారా?" అని వినయంగా అడిగాడు. సత్యవరప్రసాద్ గారు మాత్రం మహానందంగా ఉన్నారు. నియంత్రణకు నిదర్శనాలు ఇంత సమృద్ధిగా ఏ సంస్థలోనూ లేవని ఆయనకు పై నుంచి అభినందనలు వస్తున్నాయి.

చీనీ చెట్లు ఆకులు ముడుచుకోవడం మొదలుపెట్టాక పెద్దాయన వచ్చాడు.

మధ్యాహ్నం భోజనం వేళకు వచ్చి గెస్టుహౌసులో కూర్చున్నాడు. తెల్లటి పంచె, తెల్లటి మీసం, మెత్తటి గొంతు. మద్దిలేటిని కూడా పిలిపించారు. గురమ్మ ఎప్పటిలాగే వడ్డించింది. పెద్దాయన రెండు ముద్దలు తిన్నాక తలెత్తాడు.

"గురమ్మా, ఇన్నేండ్లు నా ఉప్పు తింటివి."

"ఉప్పేసేది నేనే గదయ్యా," అంది గురమ్మ, పప్పు వడ్డిస్తూ.

పెద్దాయన చెయ్యి విస్తరి మీద ఆగింది. దశరథం గోడకు అతుక్కుపోయాడు. కాసేపటికి పెద్దాయన నవ్వినట్టు మూతి కదిపి, ఒక కాగితం ముందుకు నెట్టమని సైగ చేశాడు. గని హక్కును ఆయన అల్లుడికి రాసిచ్చేస్తున్నట్టు దస్తావేజు.

"సంతకం పెట్టు. నీకు గ్యాసు కనెక్షను ఇప్పిచ్చా."

గురమ్మ మద్దిలేటి వైపు చూసింది. ఆ చూపు ఎందుకొచ్చిందో అతనికి తెలుసు. తెలియనట్టు నేల చూపులు చూడవచ్చు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అతను నేర్చిన విద్య అదే. కానీ దస్తావేజులో ఒక గడి ఖాళీగా ఉంది, అది అతని కంటపడింది.

"అయ్యా," అన్నాడు. గొంతు సన్నగా వచ్చింది. "రాసిస్తే కొత్త యజమాని ఎవరి బంధువో ప్రకటించాలి. రాజకీయాల్లో ఉన్నవాళ్ళ చుట్టమైతే ఆ చుట్టరికం కూడా గేటు దగ్గర బోర్డు మీద రాయాలి. ఫోటోలు రెండూ వేయాలి. ఆయనదీ... తమదీ."

పెద్దాయన అతన్ని మొదటిసారి చూశాడు. ఇన్నేళ్ళుగా అక్కడ ఒక మనిషి ఉన్నాడని ఆయనకు తెలియదు.

"చుట్టం గాకపోతే?"

"చుట్టం కాకపోతే ఇబ్బంది లేదయ్యా."

పెద్దాయన గుమ్మం దగ్గరున్న తన డ్రైవరును పిలిచాడు. "ఒరే, నీ పేరున పెడతా గని."

డ్రైవరు చేతులు కట్టుకున్నాడు. "అట్లనే సామీ," అని, "నేను గూడా ఆదేశాలు ఇయ్యొచ్చా?" అని అడిగాడు.

పెద్దాయన విస్తరి ముందునుంచి లేచాడు. చెయ్యి కడుక్కుంటూ దశరథంతో, "ఊపిరి తీసే నా కొడుకు ఎవడైనా ఇంతేరా," అన్నాడు. కారు ఎక్కేటప్పుడు మళ్ళీ వెనక్కి తిరిగి, "ఆయమ్మను ఈ వంటింట్లోనుంచి తీసెయ్యి," అన్నాడు. అదొక్కటే ఆయన చేయగలిగిన పని. గురమ్మ గరిటె కడిగి, బోర్లించి, ఇంటికి పోయింది. మర్నాటినుంచి గెస్టుహౌసు వంట దశరథమే చేయించాడు. అది తిన్న ఇంజనీర్లు ఒక్కొక్కరే మధ్యాహ్నానికి గురమ్మ ఇంటిముందు తేలేవాళ్ళు.

ఇంతలో అవార్డు వచ్చింది. దేశంలోని గనులన్నిట్లోకీ అత్యంత పారదర్శకమైన గనిగా రాళ్ళమడుగు ఎంపికైంది. నగరంలో పెద్ద హాలులో సభ. ముఖ్య అతిథిగా ఎవరిని పిలవాలన్న ప్రశ్న వచ్చినప్పుడు సత్యవరప్రసాద్ గారు దీర్ఘంగా యోచించి, పెద్దాయననే పిలిచారు. పిలవకపోతే అనుమానాలకు తావిచ్చినట్లు అవుతుందన్నారు. పెద్దాయన కూడా, రాకపోతే అనుమానం వస్తుందనే వచ్చాడు.

గురమ్మ రానంది. మద్దిలేటి వెళ్ళి బతిమాలాడు. "యజమాని లేకుండా సభ జరగదక్కా."

"పోనీలే, ఆ బోర్డు గోల అక్కడే తేల్చుకుంటా," అని పెట్టెలోంచి మంచి చీర తీసింది.

వేదిక మీద గురమ్మకు శాలువా కప్పారు. కప్పింది పెద్దాయనే. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. సత్యవరప్రసాద్ గారు గనుల చరిత్రలో నూతన అధ్యాయం గురించి చాలాసేపు చెప్పి, "ఇప్పుడు అంతిమ లబ్ధిదారు తమ అమూల్య సందేశాన్ని అందజేయవలసిందిగా" కోరి, మైకు ఆమె చేతికిచ్చారు.

గురమ్మ మైకును గరిటె పట్టుకున్నట్టు పట్టుకుంది. ముందు వరసలో విలేకర్లు, కెమెరాలు. పక్కన నళినీ దేశికన్. మూడో వరసలో మద్దిలేటి, దశరథం.

"అందరికీ దండాలు. నాకు మాట్లాడేది రాదు. ఒకటే మాట జెప్తా. ఈ గని నాది గాదు."

విలేకర్లు కలాలు తీశారు.

"నేను వంట మనిషిని. గ్యాసు బండ ఇప్పిచ్చామంటే సంతకం పెడితి. గని నాదని నాకు బోర్డు జూసిందాకా తెలీదు. గని, ఇదో, ఈ కుర్చీలో కూసున్నాడే, ఈ అయ్యది."

మద్దిలేటి కళ్ళు మూసుకున్నాడు. ఏదో కూలిపోతుందని ఎదురుచూశాడు. కానీ వినబడింది చప్పట్లు. మొదట కొట్టింది సత్యవరప్రసాద్ గారు.

"ఆహా! ఎంతటి వినమ్రత!" అన్నారు ఆయన చెమట తుడుచుకుంటూ, ఇంకో మైకులో. "తన సర్వస్వాన్నీ పెద్దల పాదాలకు సమర్పించే ఈ సంస్కారం మన జాతి సంపద!" హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

నళినీ దేశికన్ మాత్రం చప్పట్లు కొట్టలేదు. కలం తెరిచి వేదిక మెట్లెక్కింది. పెద్దాయన ముందు నిలబడి, "వీరు చెప్పిన విషయమును నమోదు చేసుకొనవచ్చునా? తమరి పూర్తి పేరు?" అని అడిగింది. విలేకర్లు ఒక్కుమ్మడిగా లేచారు. కెమెరాలన్నీ ఆ కుర్చీ వైపు తిరిగాయి.

పెద్దాయన జీవితంలో ఎంతోమంది ఆయన ముందు నిలబడి మాట తడబడ్డారు. ఆ రోజు ఆ వంతు ఆయనకు వచ్చింది. అవునంటే ఇన్నాళ్ళూ ఎందుకు దాచావని లోకం అడుగుతుంది. ఆయన మైకు అందుకున్నాడు.

"నాకూ ఆ గనికీ ఎంటికవాసి సంబంధం లేదు. దేవుని మీద ఒట్టు. నాకుండేది చీనీ తోట ఒకటే. గని గురమ్మదే."

"నాదేనంటారా అయ్యా?" అంది గురమ్మ. మైకు ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"నీదే."

"బాగా ఆలోచిచ్చుకుని జెప్పండయ్యా. మళ్ళా మీ మనుషులు వచ్చి నేను జెప్పిన పనికి అడ్డం పడకూడదు."

"నా మనుషులే లేరు అక్కడ!" అని అరిచాడు పెద్దాయన. మూడో వరసలో దశరథం తన రెండు చేతుల వైపూ, అవి ఎవరివో తెలియనట్టు చూసుకున్నాడు.

నళిని అంతా రాసుకుని, కలం మూసి, ఇప్పుడు చప్పట్లు కొట్టింది.

ఆ తర్వాత సంగతులు చాలా ఉన్నాయి. పెద్దాయన వకీళ్ళను పిలిపించాడు. గని నాది అని ముందు చెబితే గానీ కోర్టులో కేసు వేయలేమని వాళ్ళు చెప్పారు. దేవుని మీద ఒట్టు వేసిన మాట టీవీలో వస్తూనే ఉంది. దశరథం గురమ్మ దగ్గరికి వెళ్ళి, నన్ను ఉంచుతావా అక్కా అని అడిగాడు. మధ్యాహ్నం ఈల వేయనంటే ఉండు అంది. సత్యవరప్రసాద్ గారు విదేశీయులకు ఒక సుదీర్ఘమైన ప్రతిపాదన పంపారు. యజమాని ఊపిరి తీయవలెనన్న నియమాన్ని ఐచ్ఛికం చేసినచో గనుల రంగం మరింత వేగంగా పురోగమించునని దాని సారాంశం. జవాబు ఇంకా రాలేదు.

అదంతా తర్వాతి మాట. సభ జరిగిన సాయంత్రం మాత్రం గురమ్మ, మద్దిలేటి కలిసి బస్సులో తిరిగొచ్చారు. సంస్థ కారు సత్యవరప్రసాద్ గారితో వెళ్ళిపోయింది. గురమ్మ శాలువాను మడిచి సంచీలో పెట్టి, సంచీని ఒళ్ళో పెట్టుకుని, కిటికీ పక్కన కూర్చుంది.

"ముందే అనుకునే వచ్చావా అక్కా, అట్లా చెప్పాలని?" అని అడిగాడు మద్దిలేటి.

"అనుకునేదేముంది సారూ. నిజం జెప్తే రెండిట్లో ఒకటి గావాల గదా. ఆ అయ్య అవునంటే నాకు పీడ పోతాది. కాదంటే ఊరికి పీడ పోతాది."

పెద్దాయన ముందు ఆ రోజు తన గొంతు ఎంత సన్నగా వచ్చిందో మద్దిలేటికి గుర్తొచ్చింది. "భయం వెయ్యలేదా?"

గురమ్మ అతని వైపు విచిత్రంగా చూసి నవ్వింది.

"ఎందుకెయ్యదు సారూ? కాళ్ళు రెండూ గడగడా ఒణికె. చీర పొడుగు గాబట్టి ఎవరికీ కనపడల్యా."